బాపు దేవుణ్ని పిలిచే తీరు

'ప్రేమగల తండ్రీ' అని మొదలుపెడితే మొదటి అక్షరం దగ్గరే మైకు బుస్సుమంటుంది, నిన్న గీత కార్మికుల వంతులో మాట్లాడినాయన ప్రజలారా అన్నప్పుడల్లా మైకు డబ్బాలోంచి గాలి కొట్టి ముందు వరసవాళ్లు చెవులు మూసుకున్నారు, కాబట్టి 'మా తండ్రీ' అనాలి, మ అయితే పెదవులు మెత్తగా విడిపోతాయి, మా తండ్రీ అని ఒక్క క్షణం ఆగాలి, ఆ ఆగడంలోనే చౌరస్తా మొత్తం తన వైపు తిరుగుతుంది, అప్పుడు గొంతు పెంచకుండా, అవును పెంచకుండానే, ఈ నేలను మాకిచ్చినవాడివి నువ్వు అనాలి, ఆ తర్వాత ఉద్యోగాలు, నీళ్లు, బొగ్గు, తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల తల్లులు. వాళ్ల మాట వచ్చేసరికి గొంతు వణకకూడదు. వణికినా ఫరవాలేదు. వణికితేనే బాగుంటుందేమో అని కూడా అనిపించి, ఆ అనిపించడం పట్టుబడిపోయి, మానస తనలో తానే నవ్వుకుంది. టెంటు కింద పరిచిన జంఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆమె కుడి మోకాలు ఇందాకటి నుంచీ ఆడుతూనే ఉంది. చేత్తో నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, వదలగానే మళ్లీ మొదలు. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోని కడుపు తేలిగ్గా, ఖాళీగా, ఊపిరి తీస్తే ఎగిరిపోయేలా ఉంది. బయట బస్టాండు గేటు దగ్గర డప్పులు మోగుతున్నాయి. లోపల కూడా మోగుతున్నాయి. ఏది ఎక్కడిదో విడదీయడం ఆమెకు చేతకావడం లేదు.

రాష్ట్రం కోసం సమ్మె మొదలైనప్పటి నుంచి కోరుట్ల ఇలాగే ఉంది, బస్సులు డిపోలో, పిల్లలు వీధుల్లో, మానస పాఠాలు చెప్పే బడికి తాళం, రోడ్డు మీద బస్సులు ఆగే చోట పొయ్యిలు, ఆ పొయ్యిల మీద సంఘం సంఘం వండుకుని తారు మీదే కూర్చుని తినే వంటా వార్పూ. టెంటులో మాత్రం తిండి లేదు, రోజుకొక కులమో సంఘమో వంతుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిరాహార దీక్ష. ఈ రోజు క్రైస్తవ సంఘాల వంతు. మెడలో బంతిపూల దండలు, నుదుటి మీద ఎండ. మానస పక్కన ఆమె తండ్రి బక్కయ్య. తెల్ల అంగీ, ఉతికి ఆరేసిన పంచె, కళ్లు మూసుకుని, పెదవులు సన్నగా కదుపుతూ. ప్రార్థనకు సిద్ధమవుతున్నాడు, ఎందుకంటే తానే చేస్తానని ఆయన నమ్మకం. వాళ్ల మందిరంలో అదొక పద్ధతి. పెళ్లయినా, ఇంటి పునాదికి ముగ్గు పోసినా, పోయినవాళ్లను మన్ను చేసినా, అందరికంటే ముందు బాప్తిస్మం తీసుకున్న మనిషి మొదటి ప్రార్థన చేయాలి, ఆ తర్వాతే అయ్యగారు. ఆ మొదటి మనిషి బక్కయ్యే. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు దేవయ్యగారు దీక్ష సంగతి చెప్పగానే అందరి తలలూ ఆయన వైపే తిరిగాయి, ఎవరూ ఆయనను అడగలేదు, అడగాల్సిన అవసరమే లేదు. ఆ సాయంత్రమే మానస వేణుకు ఫోను చేసింది. జగిత్యాల కాలేజీలో తనతో చదివినవాడు, ఇప్పుడు ఈ టెంటు వ్యవహారమంతా చూసేవాడు. 'మా బాపు కాదు వేణూ, నేను చేస్త' అంది. 'ఏ, మంచిగుంటది. నువ్వైతె మాట్లాడగలవు' అన్నాడు వాడు. ఎందుకు అని అడగనే లేదు. అడగకపోవడం ఆమెకు హాయిగా అనిపించింది. బాపుకు చెప్పాలి అనుకుంది. సోమవారం అనుకుంది, మంగళవారం అనుకుంది, ఈ రోజు పొద్దున ఆయన దండ వేయించుకోవడానికి చిన్నపిల్లాడిలా మెడ వంచినప్పుడు కూడా అనుకుంది. ఇప్పుడు పాటలవాళ్లు చాయకు పోయారు, వాళ్లు వచ్చి రెండు పాటలు పాడితే ఆ తర్వాత ప్రార్థనే. ఇంకో గంట, మహా అయితే.

ఎందుకు అని వేణు అడిగితే ఏం చెప్పేది. దొరా అంటాడు కాబట్టి. దేవుణ్ని బాపు దొరా అంటాడు కాబట్టి. 'దొరా, నీ బాంచెన్, నీ కాల్మొక్త, నా బిడ్డను సల్లగ సూడు' అని, పొద్దునా మాపునా, అన్నం ముందు, ప్రయాణం ముందు, ఆమె పరీక్షల ముందు. పుట్టినప్పటి నుంచి విన్న ఆ మాటలు చాలా ఏళ్లు ఆమెకు మాటల్లా వినిపించనే లేదు, అమ్మ సారక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే తునికాకు కత్తిరించే చప్పుడు ఎలాగో అలాగే, ఇంటి చప్పుడు. తర్వాత చదువు వచ్చింది, కాలేజీ వచ్చింది, దొరల గడీల గురించి, వెట్టి గురించి, చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతల గురించి కాలేజీ మెట్ల మీద కూర్చుని మాట్లాడిన మధ్యాహ్నాలు వచ్చాయి, దొర అనే రెండక్షరాలు వింటేనే దవడ బిగిసే వయసు వచ్చింది. ఇప్పుడు ఈ టెంటు. రోజూ ఇక్కడ పాడే ప్రతి పాటలోనూ దొరకు ఒక చరణం, ఆ చరణం రాగానే యువకులు చప్పట్లు రెట్టింపు చేస్తారు. అలాంటి చోట, నాలుగు దిక్కులకూ కట్టిన నాలుగు డబ్బాల్లోంచి, బాపు గొంతు, దొరా నీ బాంచెన్ అని. ఎవడో ఒకడు నవ్వుతాడు. ఒకడు నవ్వితే పదిమంది. బాపుకు ఆ నవ్వు వినపడదు, ఆయన చెవులు అంతంత మాత్రం, ప్రార్థన పూర్తి చేసి ఆమేన్ అని తృప్తిగా కూర్చుంటాడు, ఆ తృప్తిని చూడటం ఆమె వల్ల కాదు. ఆయన కోసమే కదా, అనుకుంది. ఆయన నవ్వులపాలు కాకూడదనే కదా. అనుకున్న వెంటనే లోపల ఎవరో తాపీగా, ఆయన కోసమేనా అన్నారు. డప్పులు ఒక్కసారి జోరందుకుని ఆ ప్రశ్నను తొక్కేశాయి.

నవ్విన వాణ్ని ఆమె ఒకసారి చూసింది. జగిత్యాల బస్టాండులో, డిగ్రీలో చేరిన మొదటి రోజు, ట్రంకు పెట్టె కింద పెట్టి బాపు ఆమె తల మీద చెయ్యి వేసి అక్కడే, జనం మధ్యనే, గట్టిగా ప్రార్థన చేశాడు. బట్ట నేసే కరెంటు సాంచాల మధ్య బతికిన మనిషికి మెల్లగా మాట్లాడటం తెలియదు. దొరా అన్నప్పుడు పల్లీలు తింటున్న ఒక పిల్లవాడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ నవ్వారు. అంతే జరిగింది. ఇంకేమీ జరగలేదు. అయినా ఆ మోచెయ్యి ఇప్పటికీ ఆమె డొక్కలోనే ఉంది. ఆ దసరా సెలవుల్లో ఇంటికి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని మక్క కంకి కాలుస్తున్న ఆయనతో అనేసింది. 'దేవుడు దొర కాదు బాపు. తండ్రి. తండ్రీ అనాలె. దొర అంటె కొట్టేటోడు, గుంజుకునేటోడు.' ఆయన కంకి తిప్పుతూ, 'ఏందీ' అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. 'ఎట్ల పిలిచినా ఇంటడు బిడ్డా' అని కంకి మీద ఉప్పు రాసి ఆమెకు ఇచ్చాడు. సగమే వినపడి ఉంటుంది అనుకుంది ఆమె. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, ఎత్తకుండానే లోపల ఒక వివరణ కట్టుకుంది, బి.ఎడ్. చదివేటప్పుడు ఆ వివరణకు పేర్లు కూడా దొరికాయి. పసివాడికి మొదట కనిపించే పెద్ద ముఖం ఏదో, ఆ ముఖంతోనే వాడు తర్వాత పై అధికారినీ దేవుణ్నీ చేసుకుంటాడు. బాపు తండ్రి గడీలో జీతగాడిగా ఉండేవాడట, బాపుకు ఊహ తెలియకముందే పోయాడట, బాపును కూడా పశువులు కాయడానికి అదే గడీకి ఇచ్చారట. కాబట్టి ఆయన మనసులో పైన ఉండేవాడికి ఒకే రూపం ఉంది, అది దొర రూపం. పాత గాయం. గాయం మాట్లాడుతోంది, మనిషి కాదు. అంత చక్కగా అమరిన వివరణ దొరికినందుకు ఆ రోజు ఆమెకు ఎంత ఆనందం కలిగిందో. లెక్క తేలినప్పటి ఆనందం. ఆ తర్వాత ఆ మనిషిని వినాల్సిన పని ఉండదు.

పాస్టరుగారు లేచి, పాటలవాళ్లు వచ్చేదాకా కనిపెడదాం అన్నారు. కనిపెట్టడం అంటే వాళ్ల మందిరంలో నోరు మూసుకుని కూర్చోవడమే, అడగాల్సినవన్నీ పక్కన పెట్టి దేవుడు ఏమంటాడో అని చెవి ఇచ్చి ఉండటం. వరసలన్నీ కళ్లు మూసుకున్నాయి. మానస కూడా మూసుకుంది. మాట్లాడు తండ్రీ అంది లోపల, అనగానే అది తన ప్రార్థనలో ఎక్కడ పెట్టుకోవచ్చో అని మనసు వెతికింది, ఈ నేలను మాకిచ్చినవాడివి అన్న తర్వాతా ముందా, ముందే బాగుంటుంది, ఛీ, వినాలి, వినడమంటే ఇది కాదు. మళ్లీ. రెప్పల వెనక ఎరుపు. టెంటు గుడ్డ గాలికి పటపటమంటోంది. ఎవరి పొయ్యి మీదో పప్పులో పోపు పడింది, ఆ వాసనకు నోరూరింది. పోపు, మధ్యాహ్నం, కారియరు, కోరుట్లకు రాకముందటి సిరిసిల్ల. అమ్మ చెయ్యి పట్టుకుని కారియరుతో సాంచాల కార్ఖానాకు నడిచే మధ్యాహ్నాలు. వీధి మలుపు తిరగక ముందే ఆ చప్పుడు పాదాల్లోంచి ఎక్కేది, కార్ఖానా తలుపు దగ్గరికి వచ్చేసరికి పళ్లు కూడా అదిరేవి, లోపల దూది పొగలో మనుషులు సైగలతో మాట్లాడుకునేవారు. బాపు బయటికి వచ్చేవాడు, తల మీదా మీసాల మీదా తెల్లటి పొట్టు. రాగానే గొంతుక్కూర్చుని ఎడమ చెవి ఆమె నోటికి ఆనించేవాడు. అప్పటికే కుడి చెవి పోయింది. ఆమె చెప్పేది, పలక పగిలిందని, చీమ కుట్టిందని, కుక్కకు ఆరు పిల్లలని. సేటు లోపల్నుంచి చెయ్యి ఊపి పిలిచేవాడు. బాపు కదిలేవాడు కాదు. ఆమె చెప్పడం అయిపోయేదాకా ఆ చెవి అక్కడే ఉండేది, వెచ్చగా, నూనె వాసనతో, అంచున దూదితో. అయిపోయాక ఇంకేమైనా ఉందా అన్నట్టు కళ్లు ఎగరేసేవాడు. తర్వాతే అన్నం. మానస ఊపిరి బిగపట్టింది. పిల్లలకు ఆదివారం బడిలో దేవుడెట్లుంటడు టీచర్ అంటే ఇన్నేళ్లుగా ఆమె చెప్పే జవాబు ఒకటే, వంగి వింటడు అని. ఎక్కడ చదివానబ్బా ఆ మాట అనుకునేది. చదవలేదు. ఎక్కడా చదవలేదు. తండ్రీ అని పిలిచినప్పుడల్లా తను ఒక ఎడమ చెవిలోనే మాట్లాడుతూ వచ్చింది. ఒళ్లంతా ఒక్కసారి జల్లుమంది, భయానికీ సంతోషానికీ మధ్య, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.

"ఏం బక్కన్నా, పస్తేనా? కల్లు పట్కరానా?"

కళ్లు తెరిస్తే టెంటు గుంజ పట్టుకుని, బాపు ఎడమ చెవి దగ్గర వంగి అరుస్తున్న ఒక ముసలాయన. బుగ్గారం అవతల, బాపు పుట్టిన పల్లె నుంచి అప్పుడప్పుడూ వచ్చే లింగన్న, తాళ్లెక్కి తాళ్లెక్కి కాళ్లు విల్లులా వంగినవాడు. నిన్నటి వంతుకు ఎవరి ట్రాక్టరో ఎక్కి వచ్చి, తిరిగిపోవడానికి బస్సుల్లేక ఇక్కడే చుట్టాలింట్లో ఆగిపోయాడట. బక్కయ్య కళ్లు తెరిచి, మనిషిని గుర్తుపట్టి, మొహమంతా నవ్వయ్యాడు.

"నీ కల్లు నీకే ఉండనియ్యి. నేను ఇడిసినప్పుడు నీకు మీసాలు గూడ సరిగ రాలే."

"ఇయ్యాల మైకుల మీ దొరను పిలుస్తవా మరి?"

మానస తల తిప్పి వెనక్కి చూసింది. వెనక వరసలో కూర్చున్న యువకులు అప్పటికే ఇటు తిరిగారు. అందులో ఒకడు, నుదుటికి రిబ్బను కట్టుకున్నవాడు, నవ్వాడు. "దొరేంది తాతా? మేం దొరలనే తరుముదామంటుంటె."

"గీయన దొర వేరే ఉన్నడు పిలగా. నీకు ఎర్కలేదు." లింగన్న ఎవరూ పిలవకుండానే వచ్చి జంఖానా అంచున కూర్చున్నాడు, కథ చెప్పబోయే మనిషి కూర్చునే తీరులో, మోకాళ్ల చుట్టూ తువ్వాల బిగించి. "మా ఊరి గడీల పంచాది, తగువు తీర్చే దినం. అందరం చేతులు కట్టుకోని నిలవడ్డం. నేను, మా అయ్య, గీ బక్కన్న. దొర ఒక్కొక్కల్ని పిలుస్తాండు. పిలువంగనె ఏమనాలె? దొరా, నీ బాంచెన్ అనాలె. పలికేటి తీరే గది. మా తాతలు గూడ గట్లనే పలికిన్రు. గీయన్ని పిలిచిండు. గీయన ఏమన్నడు? 'ఆఁ, చెప్పుండ్రి' అన్నడు."

"గంతేనా?" అన్నాడు రిబ్బను పిల్లవాడు.

"గంతేనా అంటవేందిరా. గడీల ఊపిరి తీసుడు బందైంది. గీనికి ఇనవళ్లేదనుకోని దొర మల్ల పిలిచిండు. మల్ల గదే, చెప్పుండ్రి అని. దొరా అనవురా అని లేసిండు. అప్పుడు గీయన, గింత సుత గొంతు పెంచలే, 'గా పిలుపు నేను వేరే ఆయనకు ఇచ్చిన అయ్యా, వాగుల బాప్తిస్మానికి మునిగిన దినం. ఇగ నా తాన లేదు. పని చెప్పుండ్రి, చేస్త. గా పిలుపైతె లేదు' అన్నడు."

బయట డప్పులవాళ్లు అప్పుడే ఆపారు, డప్పులు కాచుకోవడానికి మంట దగ్గరికి పోయినట్టున్నారు.

"కొట్టిన్రా?" అన్నాడు ఆ పిల్లవాడు ఈసారి మెల్లగా.

"కొట్టుడు ఒక్కటేనా. తెల్లారి పని బందు, బాయి నీళ్లు బందు. సారక్కను తోల్కోని సిరిసిల్లకు ఎల్లిపోయిండు. మేం సూసుకుంట నిలవడ్డం." లింగన్న ముక్కు తుడుచుకుని, అంతలోనే నవ్వాడు. "గీయన్ని సూసి నాకు సుత ధైర్యం అచ్చింది గని, గా పిలుపు ఇయ్యనీకి నాకు ఇంకెవ్వలు దొర్కలే. గందుకె ఇంకో నాలుగేండ్లు బాంచెన్ బాంచెన్ అన్న."

నవ్వులు లేచాయి, ఈసారి వేరే రకం నవ్వులు. మానస నవ్వలేదు. ఆమెకు వినపడటం లేదు. ఎండ తెల్లగా, ప్రతి వస్తువు అంచూ కత్తిరించినట్టు, బంతిపూవులో ఒక్కొక్క రేకూ విడివిడిగా కనిపిస్తోంది. దొరతోని పంచాది అయింది, వచ్చినం, అంతే చెప్పేది అమ్మ, బీడీ దారం పళ్లతో తెంపుతూ, అంతకంటే ఎప్పుడూ చెప్పలేదు, తను సిరిసిల్లలో పుట్టింది, సాంచాల చప్పుడు కంటే ముందు ఏమీ లేదన్నట్టే పెరిగింది. గాయం అనుకుంది. లెక్క తేల్చేసింది. ఆయన ఆ పిలుపును గడీలోంచి లాక్కొచ్చాడు, అదొక్కటే, ఒంటి మీది బట్టా అదీ తప్ప ఇంకేమీ తెచ్చుకోకుండా, అది పట్టుకుని ఊరు దాటాడు, ఎవడి నోటి నుంచీ ఇంక ఎవడూ దాన్ని లాగలేని చోట పెట్టేశాడు. పొద్దునా మాపునా ఆయన దొరా అన్నప్పుడల్లా ఆ గడీ ఒక ఇటుక తక్కువైంది. ఆమె కాలేజీ మెట్ల మీద కూర్చుని పళ్లు కొరికిన కోపం, అది పుట్టకముందే, ఆమె పుట్టకముందే, ఈ మనిషి ఇంత నెమ్మదిగా, చెప్పుండ్రి అని. సిగ్గు వేస్తుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. రాలేదు. దాని బదులు పరుగెత్తాలని ఉంది, కేక వేయాలని ఉంది, ఈ ముసలాయన భుజాలు పట్టుకుని కుదిపేయాలని ఉంది.

"ఏమంటుండు బిడ్డా లింగడు? ఊకె నవ్వుతున్నరు." బక్కయ్య ఆమె వైపు తిరిగాడు.

ఆమె ఆయన ముందు నుంచి వంగి, ఎడమ చెవికి నోరు ఆనించింది. "గడీల ముచ్చట చెప్తుండు బాపు. నిజమేనా?"

"ఆఁ. పాత ముచ్చట."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే గద."

నిందగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. ఆమె ఇన్నేళ్లుగా ఒక వివరణ కింద మూసిపెట్టిన ప్రశ్నను తీసి అడిగింది, మొదటిసారి, జవాబు తెలియకుండా. "మరి తండ్రీ అని ఎందుకు పిలవవు బాపు, ఆయన్ని?"

బక్కయ్య ఆలోచించాడు. ఎవరైనా ఆయనను ఏదైనా అడిగితే ఆయన నిజంగానే ఆలోచిస్తాడు, సేటు పిలిచినా కదలని మనిషి తీరులో. "నాయిన అని నేను ఎవ్వల్ని పిలిసిన బిడ్డా? పిలిసి ఎర్కుంటె గద. నా నోట్ల ఉన్న పిలుపులల్ల పెద్దది గదొక్కటే ఉండె. గసొంటిది వాని తాన ఎందుకని తీస్కచ్చి ఈయనకు ఇచ్చిన. ఈయన తీసుకున్నడు. గడీల మాట నాకొద్దు అనలే." దండ సర్దుకుని, "నువ్వు తండ్రీ అను. నీకు ఉన్నడు గద" అన్నాడు.

పాటలవాళ్లు వచ్చేశారు. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు రెండో పాటలోకి వెళ్లారో ఆమెకు తెలియలేదు, దొర చరణం వచ్చిందని మాత్రం రెట్టించిన చప్పట్లను బట్టి తెలిసింది. నీకు ఉన్నడు గద. ఉన్నాడు. ఇక్కడే, మోచెయ్యి తగిలేంత దగ్గర, ఒక మైకు కోసం తాను పక్కకు జరిపేసిన మనిషి. తండ్రి మాట వినండి, తండ్రిని గౌరవించండి అని పిల్లలకు రాగం తీసి నేర్పించే టీచరు. ఆ మాటల్లో తండ్రి అంటే పైనున్న ఆయనా కిందున్న ఈయనా అని ఒక పిల్ల అడిగితే, ఇద్దరూనమ్మా అని తేలిగ్గా చెప్పేసింది, తేలిగ్గా, అందులో ఎంత బరువుందో చూసుకోకుండా. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ ప్రార్థన కోసం లోపలికి చూసింది. నేల, నీళ్లు, బొగ్గు, తల్లులు, ఆగాల్సిన చోట్లు, వణకాల్సిన చోటు, ఏవీ వరసలో లేవు. ఒక్క మాట మిగిలింది. తండ్రీ. దాని వెనక ఇంకో మాట రాలేదు. ఆమె కూడా తోయలేదు. మొదటిసారి ఆ పిలుపు తర్వాత చెవి ఇచ్చి ఉండిపోయింది, అడగడానికి ఏమీ లేకుండా, ఏదో వినపడుతుందని కాకుండా, పిలిచినందుకు ఆయన వంగి ఉంటాడని మాత్రం తెలిసి. ఆ నిశ్శబ్దం ఖాళీగా లేదు. దాని నిండా గుండె చప్పుడే. భయం పోలేదు. టెంటులో ఉన్న నలుగురికి గడీ సంగతి తెలిసింది, చౌరస్తాలో నిలబడ్డ వందల మందికి తెలియదు, డబ్బాల్లోంచి ఆ మాట వినగానే ఎవడో మోచేత్తో పక్కవాణ్ని పొడుస్తాడు, పొడవనీ, అనుకుంది, ఆ పొడవనీ అన్నది లోపల ఎక్కడి నుంచి వచ్చిందో గానీ ఎంత తేలిగ్గా వచ్చిందో, పొద్దున్నుంచి ఆడుతున్న మోకాలు ఎప్పుడు ఆగిందో కూడా ఆమె చూసుకోలేదు.

పాట అయిపోయింది. జై తెలంగాణ అని మూడు దిక్కుల నుంచీ ఒక్కసారి లేచి, అది అణగకముందే వేణు మైకు స్టాండు ఎత్తుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. ఆమె నిలబడితే నోటికి సరిగ్గా అందే ఎత్తులో పెట్టాడు. మైకు మీద వేలితో కొట్టి, "ఇగ నువ్వే మానసా" అని వంగి చెప్పాడు. బక్కయ్య కుడి చెవి అటువైపు ఉంది. ఆయనకు వినపడలేదు. మైకు రావడం మాత్రం చూశాడు. అందరూ తన కోసం ఆగారని అనుకున్నాడు కాబోలు, తొందర తొందరగా దండ తీసి పక్కన పెట్టి, నేల మీద రెండు చేతులూ ఆనించి, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు, కష్టపడి మోకాళ్ల మీదికి వచ్చాడు. కళ్లు మూసుకుని, ముఖం పైకెత్తాడు. మైకు ఆయన తల కంటే చాలా ఎత్తులో ఉంది. జనం చూస్తున్నారు. వేణు కనుబొమలు ఎగరేసి మానసను చూశాడు, నువ్వు గద అన్నట్టు.

మానస లేచింది. స్టాండును బాపు ముందుకు జరిపి, నడిమిన ఉన్న మర పట్టుకుని తిప్పింది. బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులా పట్టుకుని మళ్లీ తిప్పితే వదులైంది. పై గొట్టం జారి పడకుండా అరచెయ్యి కింద పెట్టి, మెల్లగా, మోకాళ్ల మీదున్న బాపు నోటి ఎదురుకు వచ్చేదాకా కిందికి దించింది.